బోటు వెనక కమ్మీ ఈ సీజన్‌లోనే బిగించేయండి!

మీ దగ్గర ఒక చిన్న సెయిల్‌బోట్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దాని వయసు మీ వయసంత ఉండొచ్చు. అయినా బాగానే తేలుతుంది. గాలి అందితే బాగానే పరిగెడుతుంది. లోటల్లా ఒక్కటే. మోటార్ స్టార్ట్ చేయడానికి వెనక్కి వంగితే రెండో చేతికి పట్టు దొరకదు. వెనక అంచున కూర్చున్న మనిషికీ నీళ్లకీ మధ్య అడ్డం ఏమీ లేదు.

ఈ సంగతి మీకు తెలుసు. ఇంట్లోవాళ్లకి ఇంకా బాగా తెలుసు. "వెనకాల ఓ కమ్మీ పెట్టించొచ్చుగా" అని వాళ్లు అన్న ప్రతిసారీ మీది ఒకటే జవాబు: "వచ్చే సీజన్‌లో చూద్దాం."

ఆ సీజన్ వచ్చేసింది. ఇక చూడటం చాలు. చేద్దాం.

మీరు చేయగలరు. వెల్డింగ్ రానక్కర్లేదు. ఇంజనీర్ కానక్కర్లేదు. ఒక డ్రిల్, ఒక టేపు, మూడు నాలుగు వీకెండ్లు, మధ్యలో వదిలేయని పట్టుదల ఉంటే సరిపోతుంది. మొదటి మూడూ మీ దగ్గర ఉన్నాయి. నాలుగోది పని మొదలుపెడితే అదే వస్తుంది.

ధర అడక్కుండానే 'అమ్మో' అనకండి

చాలామంది చేసే పని చూడండి. ఒకసారి కేటలాగ్ తెరుస్తారు. రెడీమేడ్ కమ్మీ ధర కొన్ని వందల డాలర్లు ఉంటుంది. షిప్పింగ్ అదనం. గుండె జారిపోతుంది. కేటలాగ్ మూసేస్తారు. మళ్లీ రెండేళ్లదాకా ఆ ఊసుండదు.

దీన్ని బడ్జెట్ సమస్య అనుకుంటున్నారు. కాదు. ఒక్క ధర చూసి నిర్ణయం తీసుకునే అలవాటు ఇది. కూరగాయల దగ్గర మీరు అలా చేయరు. ఫోన్ కొనేటప్పుడు అసలే చేయరు. బోటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి ధరే చివరి ధర అయిపోతుంది. ఎందుకంటే ఇక్కడ మీకు తెలియని పదాలు ఎక్కువ, తెలియని చోట అడగడానికి మొహమాటం ఎక్కువ.

మొహమాటం పక్కన పెట్టండి. అడగందే అమ్మయినా పెట్టదు.

ఉదాహరణకి క్యాటలీనా 22 తీసుకుందాం. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ కంపెనీ 1970 ప్రాంతంలో మొదలుపెట్టిన మోడల్ ఇది. ఇప్పటిదాకా 15 వేలకు పైగా తయారయ్యాయి. అమెరికాలో చిన్న సెయిల్‌బోట్ కొనాలని వెతికిన ప్రతివాళ్లకీ ముందుగా తగిలే పేర్లలో ఇదొకటి. డాలస్ పక్కన లూయిస్‌విల్ లేక్ దగ్గరైనా, సియాటెల్‌లో లేక్ వాషింగ్టన్ దగ్గరైనా మెరీనాలో రెండు వరసలు నడిస్తే ఒకటి కనిపిస్తుంది. పాతవాటిలో వెనక కమ్మీ లేనివి బోలెడు.

ఇన్ని వేల బోట్లు ఉన్నాయంటే మీకు దాని లాభం ఏంటి? వాటిలో కొన్ని ఏటా తుక్కుకి వెళ్తాయి. వాటి కమ్మీలు, కమ్మీ కాళ్ల కింద ఉండే బేస్‌లు, బోల్టులు ఎవరో ఒకరు విడిగా అమ్ముతారు. కాబట్టి మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది పాత కమ్మీ. మెరీనా నోటీస్ బోర్డు, పాత బోటు సామాన్ల షాపు, క్రెయిగ్స్‌లిస్ట్ చూడండి. మీ మోడల్‌దే దొరికితే అదృష్టం. వేరే బోటుది దొరికితే ముందు ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) వెడల్పు కొలిచి చూసుకోండి. "కొద్దిగా వంచితే సరిపోతుంది" అని అమ్మేవాడు అంటాడు. సరిపోదు. వదిలేయండి.

రెండోది గొట్టం, జాయింట్లు కొని మీరే బిగించుకోవడం. ఎల్బోలు, టీలు, బేస్‌లు విడివిడిగా దొరుకుతాయి. గొట్టం కోయడం, దూర్చడం, స్క్రూ బిగించడం. అంతే.

మూడోది దగ్గర్లో ఉన్న స్టీల్ ఫ్యాబ్రికేషన్ షాపు. దీని గురించి తర్వాత చెప్తాను. మీరు అనుకున్నంత ఖరీదు కాకపోవచ్చు. వెళ్లే పద్ధతిలో వెళ్లాలి, అంతే.

"మనకెందుకు ఇవన్నీ" అనే మాట

ఇదొక మైండ్‌సెట్. బోట్లు, తెరచాపలు మన తెలుగువాళ్ల పనులు కావనుకోవడం. అది నిజం కాదు. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఇద్దరూ 2017లో ఇండియన్ నేవీ ఆఫీసర్లు. ఆరుగురు మహిళల టీమ్‌లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే సెయిల్‌బోట్ ఎక్కి 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయలుదేరారు. భూమి చుట్టి 2018 మే 21న మళ్లీ గోవాలో దిగారు. మీరు భూమి చుట్టక్కర్లేదు. బోటు వెనక నాలుగు కన్నాలు వేస్తే చాలు.

ఒక సందేహం మాత్రం న్యాయమైనది. హుస్సేన్‌సాగర్‌లో లేజర్ బోట్లు చూసినవాళ్లు "వాటికి కమ్మీలు లేవు కదా" అంటారు. నిజమే. అవి డింగీలు. నడిపేవాళ్లు అంచు మీదకి వచ్చి బయటికి వాలి బ్యాలెన్స్ చేస్తారు. అక్కడ కమ్మీ ఉంటే అడ్డం. నీళ్లలో పడటం, లేపుకుని ఎక్కడం ఆ ఆటలో భాగం. మీ బోటు వేరు. మీది పిల్లల్ని, పెద్దవాళ్లని, బిర్యానీ డబ్బాని ఎక్కించుకుని సాయంత్రం తిరిగే బోటు. దాని మీద నుంచి ఎవరూ పడకూడదు.

కొనేముందు మోడల్ కట్టండి

ఇది ఈ పనిలో అన్నిటికన్నా చవకైన స్టెప్. అందుకే అందరూ దాటేస్తారు. మీరు దాటకండి.

హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి ముప్పావు అంగుళం పీవీసీ పైపు తెచ్చుకోండి. పేరుకే ముప్పావు. బయటి వ్యాసం 1.05 అంగుళాలు. బోట్ల మీద వాడే కమ్మీ గొట్టం బయటి వ్యాసం సాధారణంగా 1 అంగుళం. అంటే దాదాపు అదే లావు, ఖర్చు మాత్రం పది పదిహేను డాలర్లు. ఎల్బోలు కూడా తెచ్చుకోండి. గమ్ పెట్టకండి, ఉత్తినే దూర్చండి. డక్ట్ టేపుతో బోటు మీద నిలబెట్టండి.

ఇప్పుడు బోటు ఎక్కి నిజంగా చేసే పనులన్నీ చేయండి.

- టిల్లర్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి.
- మోటార్‌ని పైకెత్తండి, దించండి. స్టార్టర్ తాడు పూర్తిగా లాగండి. మోచెయ్యి కమ్మీకి కొట్టుకుంటోందా?
- బూమ్‌ని ఇటు నుంచి అటు తిప్పండి. చాలా చిన్న బోట్లలో మెయిన్‌షీట్ తాడు ట్రాన్సమ్ దగ్గర్నుంచే పైకి వెళ్తుంది. అది కమ్మీకి రాసుకుంటే ఒక్క సీజన్‌లో తాడు పోతుంది.
- స్తంభం పైనుంచి వెనక్కి వచ్చే బ్యాక్‌స్టే వైరు ఎక్కడ దిగుతోందో చూడండి.
- నిచ్చెన దించండి. నీళ్లలోంచి ఎక్కి వచ్చే మనిషికి దారి ఉందా?

చివరి ప్రశ్నకి "లేదు" అని వస్తే మిగతావన్నీ ఎంత బాగున్నా డిజైన్ మార్చాల్సిందే. పడకుండా ఆపడానికి పెట్టిన కమ్మీ, పడినవాళ్లని ఎక్కనివ్వకపోతే ఎలా?

చాలా చిన్న బోట్లకి నా సలహా ఇది. వెనకంతా చుట్టే ఒకే కమ్మీ వద్దు. కుడి మూలకి ఒకటి, ఎడమ మూలకి ఒకటి, రెండు ముక్కలుగా పెట్టండి. మధ్యలో ఖాళీ వదలండి. మోటార్‌కి, చుక్కానికి, నిచ్చెనకి ఆ ఖాళీ కావాలి. ఖాళీని మూయడానికి ఒక వైరు, దానికి తేలిగ్గా ఊడే హుక్ చాలు. రెండు చిన్న ముక్కలైతే వంచడం తేలిక, మోయడం తేలిక, ఖర్చు తక్కువ. తేడా వస్తే ఒక్క వైపే మళ్లీ చేసుకోవచ్చు.

ఒక్కో ముక్కకి కనీసం మూడు కాళ్లుండాలి. మూడూ ఒకే గీత మీద ఉంటే పక్కకి ఊగుతాయి. మూల తిరిగి ఒక కాలు ట్రాన్సమ్ వైపు, రెండు పక్క డెక్ మీద పడితే కదలవు.

ఎత్తు ఎంత? పెద్ద పోటీల నిబంధనలు రాసే వరల్డ్ సెయిలింగ్ సంస్థ సముద్రంలో వెళ్లే బోట్లకి లైఫ్‌లైన్ ఎత్తు 600 మిల్లీమీటర్లు అంటుంది. 8.5 మీటర్ల కన్నా చిన్న బోట్లకి 450 ఉన్నా ఒప్పుకుంటుంది. మీ లేక్ బోటుకి ఆ రూల్స్ వర్తించవు, కానీ ఆ అంకెల వెనక అనుభవం ఉంది. నా ఓటు 600కే, అంటే 24 అంగుళాలు. మోకాలికి కింద తగిలే కమ్మీ మనిషిని ఆపదు. కాళ్లకి అడ్డం పడి అవతలికి పడేస్తుంది. బూమ్, మెయిన్‌షీట్ ఒప్పుకున్నంతవరకు ఎత్తు పెంచండి.

మోడల్ బాగా కుదిరింది కదా అని పీవీసీనే ఉంచేయాలనిపిస్తుంది. వద్దు. ఎండకి పెళుసెక్కుతుంది, బరువు పడితే వంగుతుంది. కమ్మీ లేనప్పుడు మనిషి జాగ్రత్తగా ఉంటాడు. ఉందనుకుంటే ఒళ్లంతా ఆనేస్తాడు. టేపు వేసి నిలబెట్టిన మోడల్‌తో నీళ్ల మీదకి వెళ్లనే వెళ్లొద్దు.

పొదుపు చేయండి, కక్కుర్తి పడకండి

ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో ముందే కాగితం మీద రాసుకోండి. షాపులో నిలబడి నిర్ణయించుకునే అలవాటు మానండి. అక్కడ మెరిసేది గెలుస్తుంది.

తగ్గించుకోదగ్గవి:

- స్టీల్ రకం. ఉప్పునీళ్లలో తిరిగితే 316 స్టెయిన్‌లెస్ కావాలి. మీ బోటు ఎప్పుడూ మంచినీళ్ల లేక్‌లోనే ఉంటే 304 చక్కగా సరిపోతుంది. ధర తక్కువ.
- అద్దంలా మెరిసే పాలిష్. ఏడాదికోసారి మీరే రుద్దుకోవచ్చు.
- కమ్మీ మీద సీట్లు, కప్ హోల్డర్లు, గ్రిల్లు. తర్వాత చూద్దాం.
- కొత్త గొట్టం. సొట్టలు లేని పాతది దొరికితే భేష్.

తగ్గించకూడనివి:

- గొట్టం మందం. 0.065 అంగుళం గోడ ఉన్నది తీసుకోండి. అంతకన్నా పల్చనిది వంచేటప్పుడు తేలిగ్గా నలుగుతుంది.
- బోల్టులు. స్టెయిన్‌లెస్‌వే కావాలి, డెక్ అవతలికి వచ్చేంత పొడవుండాలి. చెక్క స్క్రూలతో బిగించే ఆలోచన ఉంటే ఇప్పుడే తీసేయండి.
- బ్యాకింగ్ ప్లేట్. ఇది ఎవరికీ కనిపించదు. అందుకే అందరూ ఇక్కడే కోత పెడతారు.

కరెంటు వైర్లకి వాడే గాల్వనైజ్డ్ కాండ్యూట్ చవకగా దొరుకుతుందని కొందరు అంటారు. కోసిన చోట, కన్నం వేసిన చోట పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా లోపల్నుంచి తినేస్తుంది కాబట్టి కంటికి కనపడదు. వద్దు.

ఇప్పుడు లెక్క వేయండి. మీ ట్రాన్సమ్ 6 అడుగులు, పక్కలకి చెరో 3 అడుగులు అనుకుందాం. మధ్యలో 2 అడుగుల ఖాళీ వదిలితే పై కమ్మీకి 10 అడుగులు. ఆరు కాళ్లు, ఒక్కోటి 2 అడుగులు, అంటే 12. మొత్తం 22 అడుగులు. గొట్టం మామూలుగా 20 అడుగుల పొడవులో అమ్ముతారు. రెండు అడుగుల కోసం రెండో గొట్టం కొంటారా? కొనకండి. మధ్య ఖాళీని కొంచెం పెంచండి, పక్కల్ని ముందుకి కొంచెం తగ్గించండి, ఒక్క గొట్టంలో సరిపెట్టండి. ఇలాంటి చిన్న సర్దుబాటు పెన్సిల్‌తో చేస్తే ఉచితం. రంపంతో కోసేశాక చేస్తే ఖరీదు.

షాపుకి వెళ్లే పద్ధతి

ఫ్యాబ్రికేషన్ షాపులో "బోటుకి కమ్మీ చేస్తారా, ఎంత అవుతుంది?" అని అడిగితే వాళ్లు పెద్ద అంకె చెప్తారు. తప్పు వాళ్లది కాదు. మీకేం కావాలో మీకే తెలియనప్పుడు ఆ రిస్క్ అంతా వాళ్ల ధరలో కలుస్తుంది.

మీరు ఇలా వెళ్లండి. పీవీసీ మోడల్‌ని ఊడదీయకుండా కారులో పెట్టుకెళ్లండి. ప్రతి మూల దగ్గర మార్కర్‌తో గీతలు పెట్టండి. కాగితం మీద గొట్టం సైజు, గోడ మందం, స్టీల్ గ్రేడ్ రాయండి. "గొట్టం నేనే తెస్తాను, ఈ వంపులు మాత్రం వంచి ఇవ్వండి. ఇదిగో మోడల్" అనండి. మిగిలిన ముక్కలు ఏమైనా పడి ఉన్నాయేమో అడగండి. తొందరలేదని చెప్పండి. పని తక్కువున్న రోజుల్లో చేసి ఇస్తే చాలంటే ధర దిగుతుంది.

ఒకే షాపుతో ఆగకండి. ముగ్గురిని అడగండి. మీరు తక్కువ ధర కోసం దేబిరిస్తున్నట్టు అనిపిస్తోందా? అనిపించనివ్వకండి. తయారై వచ్చిన కస్టమర్‌ని పనివాడు గౌరవిస్తాడు. ఈ కాన్ఫిడెన్స్ కమ్మీతో ఆగదు, ఇంటి రిపేర్ల దగ్గరా పనికొస్తుంది.

అసలు పని డెక్ కింద

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఈ పని బాగా వచ్చేదీ పాడయ్యేదీ ఇక్కడే.

24 అంగుళాల ఎత్తున్న కమ్మీ పైకొనను ఒక మనిషి 20 కేజీల బలంతో నెట్టాడనుకోండి. కింద బేస్ వెడల్పు రెండు మూడు అంగుళాలే. నెట్టిన వైపు అంచు మీద బేస్ వాలుతుంది. అవతలి బోల్టు ఆ అంచుకి 2 అంగుళాల దూరంలో ఉంటే దాని మీద పడే లాగుడు 12 రెట్లు, అంటే 240 కేజీలు. గునపంతో బండని పెకలించినట్టు కమ్మీ ఆ బోల్టుని డెక్‌లోంచి పీకుతుంది. ఈ బరువు మిగతా బోల్టులు, మిగతా కాళ్లు పంచుకుంటాయి, సరే. కానీ కమ్మీ మీద పడేది 80 కేజీల మనిషైతే? బోటు కుదుపులో తూలి పడితే?

ఆ లాగుడంతా ఒక చిన్న వాషర్ మీద పడితే పాత ఫైబర్‌గ్లాస్ పగులుతుంది. విశాలమైన ప్లేటు మీద పడితే పరుచుకుంటుంది. బ్యాకింగ్ ప్లేట్ అంటే ఇంతే. డెక్ కింద, నట్టుకీ ఫైబర్‌గ్లాస్‌కీ మధ్య, బేస్ కన్నా పెద్దదైన గట్టి పలక.

జీ10 అనే ఫైబర్‌గ్లాస్ పలక అన్నిటికన్నా మంచిది. తుప్పు పట్టదు, కుళ్లదు. పావు అంగుళం మందం చాలు. ఖరీదు అనిపిస్తే మెరైన్ ప్లైవుడ్ ముక్కని అన్ని వైపులా ఎపాక్సీతో తడిపి వాడండి. అల్యూమినియం కూడా పనిచేస్తుంది, కానీ డెక్ కింద సామాన్లు పెట్టే తడి లాకర్‌లో స్టెయిన్‌లెస్ బోల్టుతో కలిసినప్పుడు అది మెల్లగా కరిగి తెల్లపొడి అవుతుంది. వంటింట్లో వాడే ప్లాస్టిక్ కటింగ్ బోర్డు వాడదామనుకుంటారు కొందరు. ఒత్తిడికి అది రోజురోజుకీ అణిగిపోతుంది, బోల్టు వదులవుతుంది. మూలలు గుండ్రంగా అరగదీయండి. డెక్ అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ప్లేటుని చిక్కటి ఎపాక్సీ మీద కూర్చోబెట్టండి.

కన్నం వేసేముందు ఒకే ఒక్క ప్రశ్న. మీ చెయ్యి అక్కడికి అందుతుందా? లాకర్‌లో దూరి, టార్చ్ పెట్టి, ప్రతి బేస్ కిందకీ చెయ్యి పోతుందో లేదో చూడండి. పోకపోతే బేస్‌ని రెండు అంగుళాలు జరపండి. ఇప్పుడు జరపడానికి ఖర్చు లేదు.

తర్వాత కోర్. చాలా బోట్లలో డెక్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి కట్టి ఉంటుంది. కన్నంలోంచి ఆ చెక్కలోకి నీళ్లు దిగితే కుళ్లు మొదలవుతుంది, ఏళ్ల తరబడి పాకుతుంది. డ్రిల్ బిట్‌తో పాటు చెక్కపొట్టు వచ్చిందా? అయితే ఆ కన్నాన్ని కావలసినదాని కన్నా పెద్దది చేయండి. చుట్టూ కొంచెం చెక్క గీకేయండి. చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక మధ్యలో బోల్టు సైజు కన్నం వేయండి. ఇప్పుడు బోల్టు ఎపాక్సీ గుండా వెళ్తుంది, చెక్కని తాకదు. ఒక రోజు ఎక్కువ పడుతుంది. పడనివ్వండి.

కన్నం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కొంచెం ఏటవాలుగా గీకండి. సీలెంట్ నిలవడానికి అక్కడ చోటు దొరుకుతుంది, జెల్‌కోట్ కూడా పగలదు. సీలెంట్‌గా బ్యూటైల్ టేపు వాడండి. చవక, ఏళ్ల తరబడి మెత్తగానే ఉంటుంది, అవసరమైతే బేస్ ఊడదీయొచ్చు. దానికి ఒక బలహీనత ఉంది. పెట్రోల్ తగిలితే కరుగుతుంది. మీరు ఇంధనం పోసే చోటికి పక్కనే ఉన్న బేస్‌కి పాలీసల్ఫైడ్ సీలెంట్ వాడండి. బాత్రూమ్ సిలికాన్ ఎక్కడా వద్దు. ఒకసారి అంటుకుంటే ఆ చోట తర్వాత ఇంకేదీ అంటదు.

బిగించేటప్పుడు ఇద్దరు కావాలి. పైన ఒకరు స్క్రూడ్రైవర్‌తో బోల్టు కదలకుండా పట్టుకోవాలి. లాకర్‌లో ఉన్నవాళ్లు నట్టు తిప్పాలి. బోల్టు తిరిగితే చుట్టూ ఉన్న సీలెంట్ చిరిగిపోతుంది. ఒకేసారి బిగించేయకండి. కొంచెం బిగించి, మర్నాడు ఇంకొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం. బ్యూటైల్ మెల్లగా బయటికి వస్తుంది, అంచుని కోసేయండి. (లాకర్‌లో ఎవరు దూరాలనేది ముందే తేల్చుకోండి. సన్నగా ఉన్నవాళ్లకి ఆ రోజు మంచి భోజనం బాకీ.)

స్టీల్‌తో తొందర కుదరదు

స్టెయిన్‌లెస్‌లో కన్నం వేయడం రాక చాలామంది బిట్లు తగలేస్తారు. కారణం స్పీడ్. బిట్ వేగంగా తిరిగి లోహాన్ని కోయకుండా రాస్తూ ఉంటే వేడికి, రాపిడికి ఆ చోట స్టీల్ ఇంకా గట్టిపడుతుంది. తర్వాత ఏ బిట్టూ దిగదు. మీరు ఇలా చేయండి: కోబాల్ట్ బిట్, తక్కువ స్పీడ్, గట్టి ఒత్తిడి, కటింగ్ ఆయిల్. పొడవాటి చుట్టలు వస్తుంటే సరిగ్గా కోస్తున్నట్టు. పొగ వస్తే ఆపండి.

మామూలు ఇనుము కోసిన డిస్క్‌తో స్టెయిన్‌లెస్ కోయకండి. స్టీల్ ఊల్‌తో రుద్దకండి. ఇనుప రేణువులు అంటుకుని అవే తుప్పు పడతాయి. "స్టెయిన్‌లెస్ అన్నాడు, తుప్పు పట్టింది" అని షాపువాడిని తిట్టేవాళ్లలో కొందరికి జరిగింది ఇదే.

జాయింట్లలో గొట్టాన్ని పట్టి ఉంచేది చిన్న సెట్ స్క్రూ. మోటార్ అదురుకి అది వదులవుతుంది. స్క్రూ తగిలే చోట గొట్టం మీద డ్రిల్‌తో చిన్న గుంట చేయండి. స్క్రూ దాంట్లో కూర్చుంటుంది. నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. మనుషులు ఎక్కువగా ఆనే జాయింట్లకి అది కూడా చాలదు. ఆరపార కన్నం వేసి చిన్న బోల్టు దూర్చండి.

పరీక్ష పెట్టండి, మొహమాటం లేకుండా

మీరు చేసిన పనిని మీరే అనుమానించడం మంచి అలవాటు. ఒడ్డున ఉండగానే చేయండి.

కాక్‌పిట్‌లో కూర్చుని రెండు కాళ్లతో కమ్మీని బయటికి తన్నిపెట్టండి. చెవి పెట్టి వినండి. చిటపటమంటే ఫైబర్‌గ్లాస్ పగులుతోంది. బేస్ చుట్టూ సాలెగూడులాంటి సన్నటి గీతలు వచ్చాయేమో చూడండి. వస్తే ప్లేటు చిన్నదైంది. పెద్దది వేయండి. కమ్మీ కొద్దిగా స్ప్రింగ్‌లా వంగి వెనక్కి రావడం మామూలే. బేస్ మాత్రం కదలకూడదు.

తర్వాత నీళ్ల పరీక్ష. ఒకరు పైనుంచి హోస్ పెట్టండి, పది నిమిషాలు. ఇంకొకరు లాకర్‌లో టిష్యూ పేపర్ పట్టుకుని ఒక్కో నట్టు తుడవండి. పేపర్ తడిసిందా? ఆ బేస్ ఊడదీసి మళ్లీ పెట్టండి. విసుగొస్తుంది. తెలుసు. అయినా చేస్తారు.

కమ్మీ వచ్చాక మారాల్సిన మూడు అలవాట్లు

కమ్మీ ఉందని లైఫ్ జాకెట్ విప్పేయకండి. కమ్మీ పట్టు కోసం. జాకెట్ పట్టు తప్పాక కోసం. రెండూ వేర్వేరు పనులు. సేఫ్టీ టెథర్ ఉంటే దాన్ని గట్టి పాయింట్‌కి తగిలించండి, కమ్మీకి కాదు.

రెండోది బరువు. మీరు పెట్టిన 20 అడుగుల గొట్టం బరువు ఆరేడు కేజీలకి మించదు. బోటుకి అది లెక్కలోకి రాదు. కానీ కమ్మీ కనిపించగానే దానికి ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది. గ్రిల్, పెట్రోల్ క్యాన్, సోలార్ ప్యానెల్, ఆపైన ఇద్దరు బంధువులు. క్యాటలీనా 22 మొత్తం బరువే సుమారు వెయ్యి కేజీలు. చివర్లో అంత పోగేస్తే ట్రాన్సమ్ నీళ్లలో ఈడుస్తుంది, బోటు నెమ్మదిస్తుంది. ఒకటి తగిలించాలంటే ఒకటి తీసేయండి.

మూడోది తాళ్లు. డాక్‌కి కట్టేటప్పుడు చేతికి ముందు దొరికేది కమ్మీయే కాబట్టి అతిథులు దానికే కట్టేస్తారు. ఎక్కగానే క్లీట్ చూపించండి. ఇంకో బోటుని లాగాల్సి వచ్చినా, ఔట్‌బోర్డ్‌ని పైకి ఎత్తాల్సి వచ్చినా కమ్మీని వాడకండి. పక్కకి వాలే మనిషి కోసం చేసిన వస్తువు అది, మోటారు కోసం కాదు.

సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సెట్ స్క్రూలన్నీ ఎలెన్ కీతో తిప్పి చూడండి. అదే రోజు లాకర్‌లో దూరి నట్ల కింద చెయ్యి పెట్టండి. తడి తగిలితే ఆ వారమే ఆ బేస్ ఊడదీసి కొత్త బ్యూటైల్ వేయండి. ఒక్క బేస్‌కి ఒక పూట చాలు.